నోటి మాట, చేతి సంతకం

(2013 నవంబర్ 2, శనివారం నాడు న్యూజెర్సీలో జరిగిన తెలంగాణ విద్రోహ దినం సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్న నవంబర్ 1. మనల్ని ఆంధ్రతో కలిపి 57 ఏళ్లు నిండినయి. ఇన్నేళ్లు ఈ రోజు వచ్చిందంటే నల్లబ్యాడ్జీ పెట్టుకొని మొహం మాడ్చుకొని కూర్చునేవాళ్లం. ఈసారి బ్యాడ్జీ నల్లదే గానీ మొహాలు మాత్రం పండుగ మొహాలే. రేపు దీపావళి కూడాను. జులై 30న కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తీర్మానం చేసింది, అక్టోబర్ 3న కేంద్ర క్యాబినెట్ ఒప్పుకున్నది, మంత్రుల బృందం కూర్చున్నది. నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు హైదరాబాద్ గురించి, కృష్ణా నీళ్ల గురించి, అవతలివాళ్ల సమ్మె గురించి మాట్లాడారు. అవన్నీ పెద్ద విషయాలు. నేను చిన్న విషయం మాట్లాడుతా. ఫైళ్ల గురించి.

నేను నాయకుణ్ణి కాదు, ప్రొఫెసర్ను కాదు. సర్కారు కొలువులో గుమాస్తాగా చేరి 31 ఏళ్లు ఫైళ్ల మధ్యనే ఉండి దిగిపోయిన మనిషిని. ఏ శాఖ అన్నది ఇక్కడ అనవసరం. మా అబ్బాయి ఇంటికి ఆరు నెలలు ఉండిపోదామని వస్తే, సంఘం పిల్లలు పట్టుకొని "బాబాయ్, కుంభకోణాల గురించి నువ్వే చెప్పాలె, లోపల ఉన్నోనివి" అన్నారు. లోపల ఉన్నోన్ని అంటే నేనేదో తిన్నట్టు ఉన్నది, కాదు. లోపల కూర్చొని చూసినోన్ని.

రెండేళ్ల నుంచి పేపర్లు తెరిస్తే ఐఏఎస్ అధికారుల అరెస్టులు, మంత్రులకు నోటీసులు, చంచల్‌గూడ జైలు. ఇంత పెద్ద పెద్దవాళ్లు ఒకరి తర్వాత ఒకరు దొరికిపోవుడు మన రాష్ట్రంలో ఇంతకుముందు చూడలేదు. అయితే దొరికినంక ప్రతి ఒక్కరూ చెప్పేది ఒక్కటే మాట. మంత్రిగారేమో "అధికారులు పెట్టిన చోట సంతకం చేసిన" అంటారు. అధికారి ఏమో "మంత్రిగారు చెప్తే చేసిన" అంటాడు. ఇద్దరూ కలిసి "క్యాబినెట్ నిర్ణయం" అంటారు. క్యాబినెట్ అంటే ఎవరు? అందరూ. అందరూ అంటే? ఎవరూ కాదు. ఇది ఎట్ల సాధ్యమైతుందో తెలవాలంటే ఫైలు ఎట్ల నడుస్తదో తెలవాలె.

బయటివాళ్లకు కనబడేది జీవో ఒక్కటే. జీవో కింద "గవర్నర్ ఆదేశానుసారం, గవర్నర్ పేరు మీద" అని ఉంటది. రాజ్యాంగం 166వ అధికరణం ప్రకారం సర్కారు చేసే ప్రతి పనీ గవర్నర్ పేరు మీదనే చేయాలె. ఆ గవర్నర్‌కు పాపం ఆ జీవో ముఖమే తెలవకపోవచ్చు. దాని కింద సెక్రటరీ పేరు. ఆ పేరు చూసి మనం ఈయనే చేసిండు అనుకుంటాం. కానీ జీవో అనేది ఇంటికి కొట్టిన సున్నం లాంటిది. గోడ దాని వెనక ఉంటది. ఆ గోడ పేరు నోట్ ఫైల్.

సెక్షన్‌లో అసిస్టెంట్ మొదటి నోట్ రాస్తాడు. సంగతేంది, రూల్ ఏమంటది, ఇంతకుముందు ఇటువంటి కేసులో ఏం చేశారు, ఇప్పుడు ఏం చేయొచ్చు. సెక్షన్ ఆఫీసర్ దాని మీద తన మాట రాస్తాడు. అక్కడి నుంచి డిప్యూటీ సెక్రటరీ, జాయింట్ సెక్రటరీ, ప్రిన్సిపల్ సెక్రటరీ, మంత్రి, అవసరమైతే ముఖ్యమంత్రి. పైసలతో ముడిపడి ఉంటే ఆర్థిక శాఖకు, చట్టంతో ముడిపడితే న్యాయ శాఖకు ఒక చుట్టు తిరిగి వస్తది. ఎవరు ఏ తేదీన ఏమన్నారో వరుసగా పేరాల నంబర్లతో ఉంటది. చూడండి, తెల్లదొరల కాలం నుంచి వచ్చిన పద్ధతే గానీ ఇంత మంచి పద్ధతి లేదు. చదవడం వచ్చినవాడు ఒక గంటలో చెప్పగలడు, తప్పు ఎక్కడ జొరబడిందో.

అందుకే తప్పు చేయదలచుకున్నవాళ్లు దీనికొక మందు కనిపెట్టారు. రెండే మాటల మందు. "ప్లీజ్ డిస్కస్."

కింది నుంచి "రూల్ ఒప్పుకోదు", "ఇవ్వరాదు", "ఆర్థిక శాఖ అభ్యంతరం ఉన్నది" అని రాసుకుంటూ పోయిన ఫైలు మీద పెద్దసారు పచ్చ సిరాతో "ప్లీజ్ డిస్కస్" అని రాస్తాడు. ఫైలు కిందికి దిగుతది. ఫైలు పట్టుకొని మనిషి పెద్దసారు గదిలోకి పోతాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో ఆ గోడలకే ఎరుక. మళ్లీ ఫైలు పైకి పోయేటప్పుడు కొత్త పేరా "చర్చించిన ప్రకారం" అని మొదలైతది. నిన్నటి "ఇవ్వరాదు" ఇయ్యాల "పరిశీలించవచ్చు" అయితది. ఎవరితో చర్చ? ఎవరు ఏమన్నారు? సారుకు ఎవరు ఫోన్ చేశారు? ఏదీ ఉండదు. నోటి మాట ఒకరిది, చేతి సంతకం ఒకరిది. నా 31 ఏళ్లలో నేను చూసిన అన్యాయమైన ఫైళ్లలో ఎక్కువ శాతం లంచం దగ్గర మొదలు కాలేదు. "చర్చించిన ప్రకారం" దగ్గర మొదలైనయి. లంచం తర్వాత వచ్చింది.

మరి దీనికి రూల్ లేదా అంటే, ఉన్నది. ఐఏఎస్, ఐపీఎస్ అధికారుల ప్రవర్తనా నియమావళి 1968ది. అందులో మూడో రూల్‌లోనే ఉన్నది: పైఅధికారి ఆదేశం మామూలుగా రాతలోనే ఉండాలె. నోటితో చెప్పక తప్పకపోతే ఆ తర్వాత రాతలో ధ్రువీకరించాలె. 45 ఏళ్ల నుంచి ఆ రూల్ పుస్తకంలో ఉన్నది. మొన్న గురువారం, అంటే అక్టోబర్ 31న, సుప్రీంకోర్టు మళ్లీ అదే చెప్పవలసి వచ్చింది. మాజీ క్యాబినెట్ సెక్రటరీ టీఎస్ఆర్ సుబ్రమణియన్, ఆయనతో పాటు ఇంకా ఎంతో మంది రిటైరైన పెద్ద అధికారులు వేసిన కేసులో తీర్పు వచ్చింది. నోటి మాట మీద పని చేయొద్దు, చెప్పిన మాటను రాసిపెట్టాలె, బదిలీలకు సివిల్ సర్వీసెస్ బోర్డు పెట్టాలె, అధికారికి ఒక చోట ఇంత కాలం అని ఉండాలె అన్నది కోర్టు. ఒక్క మాట గమనించండి. ఈ కేసు వేసినవాళ్లు దేశంలో అన్నిటికంటే పెద్ద కుర్చీల్లో కూర్చొని దిగినవాళ్లు. కుర్చీలో ఉన్నప్పుడు ఆ పని ఎందుకు చేయలేదని అడగాలనిపిస్తది. అడుగుదాం గానీ, తీర్పు మాత్రం బంగారం లాంటిది. మనకు చేతికి అందివచ్చింది.

ఇప్పుడు రెండు మూడు కేసులు చూద్దాం. ముందే చెప్తున్నా, ఇవన్నీ కోర్టుల్లో ఉన్నయి. తప్పు ఎవరిదో తేల్చేది కోర్టు. సీబీఐ చెప్పింది చెప్తున్నా తప్ప తీర్పు నేను చెప్తలేను.

ఓబుళాపురం గనులు. అనంతపురం జిల్లా. 2007లో ఇనుప ఖనిజం లీజులకు 151, 152 నంబర్లతో జీవోలు వచ్చినయి. సీబీఐ వాదన ఏందంటే, ఫైలు నడిచినంత సేపు అందులో "క్యాప్టివ్" అనే మాట ఉన్నది. అంటే తవ్విన ఖనిజం సొంత ఉక్కు ఫ్యాక్టరీకే వాడాలె, బయట అమ్మొద్దు అని. జీవో బయటికి వచ్చేసరికి ఆ మాట లేదు. ఒక్క మాట! ఆ ఒక్క మాట పోతే కొండలు ఓడలెక్కి పోవచ్చు. గాలి జనార్దన్ రెడ్డిని 2011 సెప్టెంబర్ 5న అరెస్టు చేశారు. నవంబర్‌లో అప్పటి పరిశ్రమల శాఖ కార్యదర్శి శ్రీలక్ష్మిని అరెస్టు చేశారు. ఆ మాటను ఎవరు కొట్టేశారు, ఎవరు కొట్టేయమన్నారు? ఇదీ పంచాయితీ. ఆ రోజు ఎవరన్నా ఒక్కరు "ఫలానా తేదీన ఫలానా వారు నోటితో చెప్పినందున ఈ మాట తీసివేయడమైనది" అని ఒక్క పేరా రాసి ఉంటే ఇంత పంచాయితీ లేదు. తప్పు చేసినవాడు దొరికేవాడు, చేయనివాడు జైలు అన్నం తినకుండా బయటపడేవాడు. రాసిపెట్టడం అనేది పౌరుని కోసమే కాదు, నిజాయితీ ఉన్న అధికారికి అదే కవచం.

రెండోది మన ఇంటి ముందటిది. ఎమ్మార్. మీలో చానా మంది గచ్చిబౌలి దిక్కు ఫ్లాట్లు కొన్నవాళ్లే, ఆ గోల్ఫ్ కోర్సు పక్క నుంచి పోయినవాళ్లే. 2002లో, చంద్రబాబు నాయుడి హయాంలో, ఏపీఐఐసీ ద్వారా దుబాయ్ ఎమ్మార్ కంపెనీకి 535 ఎకరాల ఒప్పందం. గోల్ఫ్ కోర్సు, హోటల్, కన్వెన్షన్ సెంటర్, విల్లాలు. భూమి సర్కారుది, అంటే మన రంగారెడ్డి జిల్లాది. భాగస్వామ్యంలో సర్కారు వాటా ముందు అనుకున్నంత లేకుండా 26 శాతానికి వచ్చింది. తర్వాత వైఎస్ రాజశేఖర్ రెడ్డి హయాంలో ఎమ్మార్ ఎంజీఎఫ్ అనే ఇంకో కంపెనీ నడుమ దూరింది, ఆ 26 కూడా పలుచబడ్డది. విల్లా ప్లాట్లు కాగితం మీద గజం 5,000 రూపాయలకు అమ్మినట్టు చూపించి, మీది పైసలు వేరే చేతుల్లోకి పోయినయని సీబీఐ అంటున్నది. ఏపీఐఐసీకి మేనేజింగ్ డైరెక్టర్‌గా చేసిన బీపీ ఆచార్యను 2012 జనవరి 30న అరెస్టు చేశారు.

ఇక్కడ నాకు ముల్లు లెక్క గుచ్చుకునే సంగతి ఒకటి ఉన్నది. ఆ భాగస్వామ్యంలో సర్కారు బయటి మనిషి కాదు, వాటాదారు. బోర్డులో సర్కారు మనుషులు ఉన్నారు. ప్లాట్లు ఏ ధరకు పోతున్నయో హైదరాబాద్‌లో ఆటోడ్రైవర్‌కు కూడా తెలుసు. అయినా ఏండ్లకేండ్లు కదలిక లేదు. చివరికి కదిలింది ఎప్పుడు? 2011 ఆగస్టులో హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించినప్పుడు. ఆ హైకోర్టుకు లేఖ రాసింది ఎవరు? అదే సర్కారులో మంత్రిగా ఉన్న శంకర్ రావు! మంత్రి తన సర్కారుకు చెప్పుకోలేక కోర్టుకు ఉత్తరం రాసుకున్నాడు. విజిలెన్స్ ఉన్నది, ఏసీబీ ఉన్నది, లోకాయుక్త ఉన్నది, ఇంతమందికి మనం జీతాలు ఇస్తున్నాం. ఇల్లు కాలుతుంటే ఇంటోళ్లు నిద్రపోతే పక్కింటోడు వచ్చి లేపినట్టయింది.

మూడోది 26 జీవోలు. జగన్ ఆస్తుల కేసులో ఆ జీవోల ద్వారానే లాభాలు పోయినయని ఆరోపణ. జీవోలు ఇచ్చినవాళ్లను వదిలిపెట్టి పుచ్చుకున్నవాళ్లనే పట్టుకుంటే ఎట్ల అని నెల్లూరు వకీలు ఒకాయన సుప్రీంకోర్టుకు పోయిండు. 2012 మార్చిలో సుప్రీంకోర్టు ఆరుగురు మంత్రులకు, ఎనిమిది మంది ఐఏఎస్ అధికారులకు నోటీసులు ఇచ్చింది. ధర్మాన ప్రసాదరావు, మోపిదేవి వెంకటరమణ, కన్నా లక్ష్మీనారాయణ, సబితా ఇంద్రారెడ్డి, గీతారెడ్డి, పొన్నాల లక్ష్మయ్య. లెక్కపెట్టండి. ముగ్గురు అటు, ముగ్గురు ఇటు. ఆరు సూత్రాల పథకం వచ్చి 40 ఏళ్లయినా ఒక్క కొలువులో సమాన వాటా రాలేదు గానీ, ఇక్కడ మాత్రం సరిగ్గా సగం మనకు వచ్చింది.

నవ్వుతున్నారు. నేను కూడా నవ్విన. కానీ ఇది నవ్వే సంగతి కాదు. నోటీసు వచ్చినంత మాత్రాన నేరం చేసినట్టు కాదు, అది వేరే. నేను అడిగేది ఏందంటే, ఆ ముగ్గురు మనవాళ్లు క్యాబినెట్‌లో కూర్చున్నప్పుడు తెలంగాణ భూముల మీద, తెలంగాణ నీళ్ల మీద వచ్చిన ఫైళ్లలో తమ అభ్యంతరం ఎక్కడన్నా రాశారా? ఒక్క పేరా? వాళ్లు "మేం డమ్మీలం, మా మాట ఎవరు విన్నారు" అంటారు. విననిదీ నిజమే కావచ్చు. రాయడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. మంత్రికి ఫైలు మీద రాసే హక్కు ఉన్నది. ఆ తర్వాత ఏమైందో మీకు తెలుసు. మోపిదేవిని 2012 మేలో అరెస్టు చేశారు. ధర్మాన, సబిత ఈ ఏడాది మేలో రాజీనామా చేశారు. నడుమ, ఈ మంత్రుల వకీళ్ల ఖర్చు సర్కారే పెట్టుకుంటుందని ఒక జీవో తీశారు. అంటే జీవో మీద వచ్చిన కేసుకు జీవోతోనే ఖర్చు! ఆ పైసలు కూడా మనవే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. ఇప్పటిదాకా చెప్పినవాటిని పేపర్లు "స్కాం" అంటయి, ఎందుకంటే అందులో కోట్ల లెక్క ఉన్నది. మన మీద 57 ఏళ్లు జరిగినదాన్ని ఎవరూ స్కాం అనలేదు. "వెనుకబాటుతనం" అన్నారు, "సెంటిమెంట్" అన్నారు. నేను ఫైళ్ల మనిషిని కాబట్టి నాకు వేరే తీరుగా కనబడ్తది. అదీ సంతకాల మీద నడిచిన వ్యవహారమే.

1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం. తెలంగాణ మిగులు తెలంగాణలోనే ఖర్చు పెట్టాలె అన్నారు. 1969లో పిల్లలు రోడ్ల మీదికి వచ్చినంక కుమార్ లలిత్ కమిటీ వేశారు, ఆ తర్వాత జస్టిస్ భార్గవ కమిటీ. రెండు కమిటీలు కోట్లలో లెక్క తేల్చినయి. అంకెల్లో తేడా ఉన్నది గానీ తెలంగాణ పైసలు తెలంగాణకు ఖర్చు కాలేదు అన్నదాంట్లో తేడా లేదు. సరే. ఆ పైసలు వాటంతట అవి కృష్ణ దాటి నడిచి పోలేదు కదా. బడ్జెట్ తయారు చేసిన అధికారి ఉన్నాడు, సంతకం చేసిన కార్యదర్శి ఉన్నాడు, ఒప్పుకున్న మంత్రి ఉన్నాడు. ఒక్కరి పేరన్నా మీకు తెలుసా? నాకూ తెల్వదు. ఆ ప్రశ్న ఆ కమిటీలను ఎవరూ అడగలేదు.

కొలువుల సంగతి. 1975 అక్టోబర్ 18న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. జోన్లు, లోకల్, నాన్‌లోకల్, ఎవరికి ఎంత శాతం, అంతా రాసి ఉన్నది. మామూలు జీవో కాదు, రాజ్యాంగం 371డి కింద రాష్ట్రపతి ఇచ్చింది. పదేళ్లలో దాన్ని ఎంత తొక్కారంటే, సర్కారు తానే వేసుకున్న అధికారుల కమిటీ 58,962 మంది స్థానికేతరులు తెలంగాణ కొలువుల్లో ఉన్నారని లెక్క తీసింది. దాని మీద ఎన్టీ రామారావు సర్కారు 1985 డిసెంబర్ 30న 610 జీవో ఇచ్చింది. 1986 మార్చి 31 లోపు వాళ్లను వాళ్ల జోన్లకు పంపాలె అన్నది. మూడు నెలలు. అది 2001 దాకా కదలలేదు. 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేశారు. రిటైరైన ఐఏఎస్ అధికారి. ఆయన 2004లో ఇచ్చిన రిపోర్టు చదివితే, ఏ శాఖలో ఏ తీరుగా ఉత్తర్వును తప్పించుకున్నారో తెలుస్తది. చదివిన నాకు, లోపల ఉన్నోనికి కూడా, కొన్ని ఉపాయాలు కొత్తగా కనబడ్డయి. ఒక్కటి మాత్రం చెప్పవచ్చు: 58 వేల నియామకాలు అంటే 58 వేల ఉత్తర్వులు. ప్రతి ఉత్తర్వు కింద ఒక అధికారి సంతకం. రాష్ట్రపతి ఉత్తర్వును అన్ని వేల సార్లు తొక్కినందుకు ఒక్క పెద్ద అధికారికి ఒక్క ఇంక్రిమెంట్ ఆగిందని నేను నా కొలువులో వినలేదు. ఒక గుమాస్తా ఆలస్యంగా వస్తే మెమో ఇస్తాం!

మొన్నటి శ్రీకృష్ణ కమిటీనే చూడండి. మాజీ హోం సెక్రటరీ దుగ్గల్ అందులో సభ్య కార్యదర్శి. పబ్లిక్ పైసలతో నడిచిన కమిటీ. అందరికీ ఇచ్చిన రిపోర్టు ఒకటి, సీల్ వేసి హోం శాఖకు ఇచ్చిన ఎనిమిదో అధ్యాయం ఇంకొకటి. నిజామాబాద్ మాజీ ఎంపీ ఎం. నారాయణరెడ్డి కోర్టుకు పోతే, 2011 మార్చిలో జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి ఆ అధ్యాయంలో ఏమున్నదో తీర్పులో పెట్టారు. ఉద్యమాన్ని ఎట్ల మేనేజ్ చేయాలె, పత్రికలను ఎట్ల దారిలో పెట్టుకోవాలె అన్న సలహాలు. ఆ పేజీలు ఎవరు రాశారు, ఎవరు రాయమన్నారు? మళ్లీ అదే. సంతకం ఉన్నది, మాట ఎవరిదో లేదు.

అయితే ఇప్పుడు రాష్ట్రం వస్తున్నది కదా, పాతవన్నీ తవ్వుడు ఎందుకు అని కొంతమంది అంటున్నారు. పొద్దున కారులో వస్తుంటే మా అబ్బాయి కూడా అదే అన్నాడు. దానికి జార్ఖండ్ సంగతి చెప్తా. నెల రోజుల కింద, కేంద్ర క్యాబినెట్ మన రాష్ట్రానికి ఒప్పుకున్న అదే అక్టోబర్ 3న, రాంచీ సీబీఐ కోర్టు లాలూ ప్రసాద్‌కు అయిదేళ్ల శిక్ష వేసింది. దాణా కేసు. 1996 జనవరిలో చాయిబాసాలో అమిత్ ఖరే అనే డిప్యూటీ కమిషనర్ పశుసంవర్ధక శాఖ దఫ్తర్ల మీద పడి కాగితాలు పట్టుకుంటే బయటపడ్డది. ఆయన కూడా ఐఏఎస్సే, అది గుర్తు పెట్టుకోండి. చాయిబాసా ట్రెజరీ నుంచి 37 కోట్ల పైచిలుకు. కేసు పెట్టినప్పుడు అది బీహార్. 2000 నవంబర్ 15న రాష్ట్రం విడిపోయి చాయిబాసా జార్ఖండ్‌లో పడ్డది. కేసు పట్నాలో నడవాలా, రాంచీలోనా అని పంచాయితీ. సుప్రీంకోర్టు దాకా పోయి, 2001లో అక్కడ తేలినంక కేసులు జార్ఖండ్‌కు వచ్చినయి. మొత్తం 17 ఏళ్లు. చివరికి ఇద్దరు మాజీ ముఖ్యమంత్రులకు, లాలూకు, జగన్నాథ్ మిశ్రాకు శిక్ష పడ్డది, ఐఏఎస్ అధికారులకూ పడ్డది. ఎందుకు పడ్డది? కాగితాలు మిగిలినయి కాబట్టి.

అదే జార్ఖండ్‌కు ఇంకో మొహం ఉన్నది. ఎన్ని ఏండ్లు కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రం! మన తీరుగానే. ఆరేళ్లు తిరగకముందే మధు కోడా ముఖ్యమంత్రి అయ్యిండు, 2009లో అక్రమాస్తుల కేసులో అరెస్టయిండు. బయటినుంచి వచ్చినోడు కాదు, సొంత గడ్డ బిడ్డ. కాబట్టి "మనోడే కదా" అన్న మాటకు నా దగ్గర విలువ లేదు. 26 జీవోల్లో మూడు పేర్లు మనవే అని ఇందాకనే లెక్కపెట్టినం.

ఇక మనం చేయగలిగింది. మంత్రుల బృందం 11 అంశాలు పెట్టుకొని అందరి సలహాలు అడిగింది. నవంబర్ 5 ఆఖరు తేదీ. ఈ మంగళవారమే. అందరూ హైదరాబాద్, నదులు, కరెంటు గురించి రాస్తున్నారు, మన సంఘం కూడా రాసింది. నేను అందులో కొన్ని పేరాలు కలిపిన. ఒకటి, రికార్డులు. విభజన అంటే బీరువాలు పంచుకొనుడు అనుకుంటున్నారు. ఏ ఫైలు ఎటు పోవాలో అన్నదానికంటే ముందు ఏయే ఫైళ్లు ఉన్నయో జాబితా కావాలె. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ప్రతి దఫ్తర్ తన రికార్డులకు పట్టిక, సూచిక పెట్టుకోవాలె. 2005 నుంచి చట్టం ఉన్నది. విడిపోయే తేదీ కంటే ముందు ఆ జాబితా ప్రచురించాలె, నోట్ ఫైళ్లతో సహా స్కాన్ చేసి రెండు రాష్ట్రాలకూ ఇవ్వాలె. లేకపోతే రేపు ఏ ఫైలు అడిగినా "అటు పోయింది" అని వీళ్లు, "ఇటు ఉండిపోయింది" అని వాళ్లు. ఫైళ్లు మాయం కావడానికి అగ్గి పెట్టాల్సిన అవసరం లేదు, రెండు లారీలు చాలు.

ఇంకొకటి, నడుస్తున్న కేసులు, విచారణలు. ఏ కోర్టు, ఏ సర్కారు వాటికి బాధ్యురాలో బిల్లులోనే తేల్చి రాయాలె, జార్ఖండ్ తీరుగా సుప్రీంకోర్టు దాకా పోకుండా. అధికారి మీద కేసుకు అనుమతి సంగతి కూడా ఉన్నది. ఐఏఎస్‌ల మీద అవినీతి కేసు నడవాలంటే కేంద్రం అనుమతి కావాలె, మంత్రుల సంగతి గవర్నర్ దగ్గర. అనుమతి ఫైలును నెలలకొద్దీ కింద పెట్టి కూర్చుంటే కేసు అక్కడే ముసలిదైతది. నిరుడు జనవరి 31న సుబ్రమణియన్ స్వామి కేసులో సుప్రీంకోర్టు మూడు నెలల గడువు పాటించాలె అన్నది. ఆ గడువును కొత్త రాష్ట్రం మొదటి రోజు నుంచే అమలు చేయాలని అడుగుతున్నాం. గిర్‌గ్లానీ రిపోర్టును ఉద్యోగుల పంపకానికి ఆధారంగా తీసుకోవాలని కూడా. ఇప్పుడు వాడకపోతే ఆ రిపోర్టు ఇంక మ్యూజియంకే.

మీరు ఇక్కడి నుంచి ఏం చేయగలరంటే, చేతిలో భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు ఆర్టీఐ వేయొచ్చు. చట్టం పౌరులకే ఇచ్చింది కాబట్టి అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లకు వీలు లేదు, వాళ్లు ఊర్లో తమ్మునితోనో మరదలితోనో వేయించండి. కేంద్ర శాఖలకైతే ఈ మార్చి నుంచి విదేశాల్లో ఉన్నవాళ్లు ఫీజును ఇంటర్నెట్‌లోనే పోస్టల్ ఆర్డర్‌గా కట్టొచ్చు. మన రాష్ట్రంలో మండల ఆఫీసుకు 5 రూపాయలు, పైఆఫీసులకు 10, గ్రామ పంచాయతీలో ఏమీ లేదు. అడిగేటప్పుడు జీవో కాపీ అడగకండి, అది ఎట్లాగూ దొరుకుతది. "నోట్ ఫైలు పేజీలు" అని రాయండి. నోట్ ఫైలు ఇవ్వం అని మొదట్లో సతాయించారు గానీ, 2006లోనే కేంద్ర సమాచార కమిషన్ అవి ఇవ్వాల్సిందే అన్నది. "క్యాబినెట్ విషయం, రహస్యం" అని జవాబు వస్తే వెనక్కి రాకండి. నిర్ణయం అయిపోయి పని పూర్తయినంక ఆ నిర్ణయం, దాని కారణాలు బయట పెట్టాలని అదే చట్టం ఎనిమిదో సెక్షన్‌లో ఉన్నది. క్యాబినెట్ పేరు చెప్పి తప్పించుకున్నవాళ్లకు ఆ పేరే తాళంచెవి అయితది.

ఇంకొక్క మాట, కొంచెం చేదుగా ఉంటది. నేను వచ్చి నాలుగు నెలలయింది. ఇండియా నుంచి నాయకులు వస్తే మన పిల్లలు ఎయిర్‌పోర్ట్‌కు పూలగుత్తులు పట్టుకొని పోతున్నారు, హోటల్‌లో విందులు, వందల ఫొటోలు. మంచిదే, మర్యాద మన రక్తంలో ఉన్నది. ఆ ఫొటో దిగేముందు ఒక్క కాగితం చేతిలో పెట్టండి. "మంత్రి అయినంక నేను నోటితో చెప్పిన ప్రతి ఆదేశాన్ని ఫైలు మీద రాస్తా" అని. సంతకం పెడితే ఫొటో దిగండి. పెట్టకపోయినా దిగండి, చేతిలో ఆ ఖాళీ కాగితం కనబడేటట్టు పట్టుకోండి.

మంత్రుల బృందానికి పంపే ఉత్తరం తలుపు దగ్గర బల్ల మీద ఉన్నది, నాలుగు పేజీలు. రేపు దీపావళి కాబట్టి ఎల్లుండి సోమవారం పొద్దున ఈమెయిల్ చేస్తున్నారు. చదివినంకనే సంతకం పెట్టండి. అందులో ఏదన్నా పేరా మీద అభ్యంతరం ఉంటే భోజనాల దగ్గర నాతో మాట్లాడకండి, ఆ పేరా పక్కనే రాసి, కింద పేరు, తేదీ వేయండి.

జై తెలంగాణ.